ఉపవాసంలో ఆకలి – మెదడు

ఏకాదశినాడు భోజనవేళకు నన్ను బాధించే ఆకలి, ఏమీ తినకపోయినా కాసేపటికి తానే శాంతిస్తుంది. జీర్ణాశయంలో పుట్టే ‘గ్రెలిన్’ అనే హార్మోను అలవాటైన వేళకు పెరిగి, ఆ వేళ దాటాక తగ్గడమే ఇందుకు ముఖ్యకారణం. దీనిని 1999లో కనుగొన్నారు.

మెదడుకు ప్రధానాహారం గ్లూకోజు. కాలేయంలోని దాని నిల్వ సుమారు ఒక రోజుకు తరిగిపోతుంది. అప్పుడు కాలేయం కొవ్వునుండి కీటోనులను తయారుచేసి మెదడును పోషిస్తుంది.

అయితే ఒకసారి మా అమ్మగారు మధుమేహపు మాత్ర వేసుకొని ఉపవాసమున్నారు. సాయంత్రానికి చెమటలు పట్టి, మాట తడబడింది. స్పృహలోనే ఉన్నందున వెంటనే పంచదార నీళ్లు తాగించగా తేరుకున్నారు. మాత్ర గ్లూకోజును తగ్గించివేసింది. ఆ లోటు తీర్చేన్ని కీటోనులు అప్పటికి సిద్ధం కాలేదు.

కనుక లంఘనం పరమౌషధమే అయినా, మధుమేహులు వైద్యుని సంప్రదించనిదే ఉపవాసం చేయరాదు.