ఆటను బతికించిన గడియారం

మనకు సీజన్లకేం కొదవ లేదు. మామిడిపళ్ల సీజను, ఆవకాయ సీజను, పెళ్లిళ్ల సీజను, డిసెంబరు వచ్చిందంటే మద్రాసులో సంగీతం సీజను. అమెరికావాళ్లకు వీటన్నిటికీ బదులా అన్నట్టు బాస్కెట్ బాల్ సీజనొకటి వుంది. అక్టోబరులో మొదలై, చెట్ల ఆకులు రాలి, మంచు కురిసి, ఆ మంచు కరిగి, మళ్లీ యెండలు ముదిరే జూన్ దాకా సాగుతుంది. ముప్ఫయి జట్లు. వొక్కొక్క జట్టుకు 82 ఆటలు. ఆ తర్వాత పదహారు జట్ల మధ్య నాలుగు అంచెల పోటీ. ప్రతి అంచెలోనూ యేడింట నాలుగు గెలిచినవారిదే ముందడుగు.

అక్కడ రాత్రి జరిగే ఆట మనకు తెల్లవారుజామున కనబడుతుంది. పిల్లలు అమెరికాలో స్థిరపడ్డ తెలుగు యిళ్లలో కొన్నింట యిప్పుడు కాఫీ గ్లాసుతోపాటు యీ ఆట కూడా అలవాటయింది. అలా అలవాటుపడినవాళ్లలో నేనూ వొకణ్ని. మొదట్లో, పదిమంది తాటిచెట్లంతటి మనుషులు వొక్క బంతికోసం యీ పరుగులేమిటా అనిపించేది. తర్వాత దీని పూర్వోత్తరాలు చదివాను. చదివితే యిదేదో ఆట కథలా లేదు. నాలుగుసార్లు దివాలా అంచుకుపోయి నిలదొక్కుకున్న పెద్ద సంసారం కథలా వుంది. ఆ కథే మీకు చెబుదామని నా తాపత్రయం.

ఖాళీ హాళ్లు, కొలతబద్దలు

ఆట పుట్టింది 1891లో, స్ప్రింగ్‌ఫీల్డు అనే వూళ్లో. చలికాలంలో విద్యార్థులు బయటికి పోలేక గదుల్లో మగ్గుతూంటే, జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు బాల్కనీకి రెండు పీచ్ పళ్ల బుట్టలు కొట్టించి, వాటిలో బంతి వెయ్యమన్నాడు. బుట్టలున్నాయి గనుక బాస్కెట్ బాల్ అయింది.

డబ్బిచ్చి ఆడించే జాతీయ లీగు మాత్రం చాలా కాలానికి వచ్చింది. 1946 జూన్‌లో కొందరు పెద్దమనుషులు న్యూయార్కులో సమావేశమయ్యారు. వారిలో చాలామందికి ఐస్ హాకీ ఆడించే పెద్ద పెద్ద హాళ్లున్నాయి. హాకీ లేని రాత్రులు అవి ఖాళీగా పడి వుంటున్నాయి. వాటిని నింపడానికొక ఉపాయం కావాలి. అంతే, లీగు పుట్టింది! ఆటమీద ప్రేమకన్నా అద్దె రాని హాలుమీద బెంగే దానికి మూలకారణమంటే తప్పులేదు.

మొదటి ఆట 1946 నవంబరు 1న జరిగింది. అమెరికా లీగు మొదటి ఆట కెనడాలోని టొరాంటోలో జరగడం వొక వింత. జనం రావాలి కదా! టొరాంటో జట్టులో 6 అడుగుల 8 అంగుళాల జార్జి నాస్ట్రాండ్ అనే ఆసామీ వున్నాడు. అతనికన్నా పొడుగ్గా వుండేవాళ్లకు టిక్కెట్టు అక్కర్లేదని ప్రకటించారు. ఆ రాత్రి న్యూయార్కు 68 – 66 తేడాతో గెలిచింది. పదకొండు జట్లతో మొదలైన లీగులో, తొలి సీజను ముగిసేసరికి నాలుగు జట్లు దుకాణం కట్టేశాయి. అందులో టొరాంటో వొకటి.

1949లో ప్రత్యర్థి లీగుతో వియ్యమందారు. జట్లు పదిహేడయ్యాయి, యిప్పటి ఎన్.బి.ఏ. అన్న పేరు వచ్చింది. కాని షెబాయ్‌గన్, వాటర్లూ వంటి చిన్న వూళ్ల జట్లు వొక్క సీజనుకే తప్పుకున్నాయి. 1954 చివరికి మిగిలినవి యెనిమిదే. జట్లు యిలా రాలిపోతూంటే, ఆటకు కూడా లోపల రోగం పట్టింది.

బంతి పట్టుకు కూర్చున్నారు

ఆ రోగమేమిటో 1950 నవంబరు 22న మినియాపొలిస్‌లో బయటపడింది. మినియాపొలిస్ జట్టులో జార్జి మైకన్ వున్నాడు. 6 అడుగుల 10 అంగుళాల మనిషి. కళ్లజోడు పెట్టుకుని ఆడేవాడు. ఆ కాలంలో అతన్ని ఆపగలవాడు లేడు. ఫోర్ట్ వేన్ జట్టువారు ఆలోచించారు: ‘ఆడితే వోడుతాం. ఆడకపోతే?’ బంతి చేతికి రాగానే అలాగే పట్టుకు నిలబడ్డారు. బంతి యింతసేపట్లో వెయ్యాలన్న నియమం ఆనాడు లేదు.

ఆ ఆట ఫలితం: ఫోర్ట్ వేన్ 19, మినియాపొలిస్ 18. ఆ పద్దెనిమిదిలో మైకన్ చేసినవే 15. చివరి పన్నెండు నిమిషాల్లో రెండు జట్లూ కలిసి చేసినవి నాలుగంటే నాలుగు పాయింట్లు! డబ్బిచ్చి కూర్చున్న ప్రేక్షకుడి కడుపు మండదా మరి?

బంతి దాచుకున్నవాడి చేతినుంచి దాన్ని రప్పించాలంటే అతనిమీద పడి ఫౌలు చెయ్యాలి. అప్పుడు రిఫరీ యీల వూదుతాడు, ఆట ఆగుతుంది. 1953 మార్చిలో బోస్టన్, సిరాక్యూస్ జట్లమధ్య జరిగిన ఆటలో మొత్తం 106 ఫౌళ్లు! బోస్టన్ ఆటగాడు బాబ్ కూజీ ఆ రాత్రి 50 పాయింట్లు చేస్తే, వాటిలో 30 కేవలం ఫౌళ్ల పుణ్యాన వచ్చినవే.

చిత్రమేమిటంటే, యీ వ్యవహారంలో యెవరినీ తప్పుపట్టడానికి లేదు. యెవరి జట్టు గెలుపు వారు చూసుకున్నారు. కాని అందరూ కలిసి ఆటనే చంపుకుంటున్నారు. ఉమ్మడి కుటుంబంలో యెవరి వాటా వారు దాచుకుంటే యింటికప్పు కురవడం మొదలుపెట్టినట్టు.

వొక చిన్న భాగహారం

మందు కనిపెట్టినవాడు ఆటగాడు కాడు, ప్రొఫెసరూ కాడు. డానీ బియసోన్ అని, చిన్నతనంలోనే ఇటలీనుంచి వలస వచ్చిన మనిషి. సిరాక్యూస్‌లో బౌలింగ్ ఆట హాలు నడుపుకుంటూ ఆ వూరి జట్టుకు యజమాని అయ్యాడు. ఆయన వేసిన లెక్క మన యింటి ఆడవాళ్లు పాలవాడి పద్దు చూసినంత సుళువుగా వుంటుంది. ఆట 48 నిమిషాలు, అంటే 2,880 సెకండ్లు. జనం మెచ్చిన ఆటల్లో వొక్కొక్క జట్టు సుమారు 60సార్లు బుట్టకు గురిపెడుతోంది. రెండు జట్లూ కలిసి 120. భాగించండి — 24! బంతి చేతికి వచ్చిన 24 సెకండ్లలోగా గురిపెట్టి తీరాలి; లేదా బంతి అవతలివారికి అప్పగించాలి.

1954–55 సీజనునుంచి యీ నియమం అమలయింది. అంతకుముందు వొక్కో జట్టు సగటున ఆటకు 79 పాయింట్లు చేస్తూంటే ఆ సీజనులో 93 దాటింది. ఆ సీజను తుదిపోరులో యెవరెవరు తలపడ్డారనుకొన్నారు? గడియారం పెట్టించిన సిరాక్యూస్ వొకపక్క, బంతి పట్టుకు కూర్చున్న ఫోర్ట్ వేన్ రెండోపక్క! నవలలో రాస్తే అతికించాడంటారు. యేడో ఆటలో సిరాక్యూస్ వొక దశలో 17 పాయింట్లు వెనకబడింది. పాత నియమాలే వుంటే ఫోర్ట్ వేన్ బంతి దాచుకుని కూర్చునేది, కథ అక్కడితో ముగిసేది. గడియారం వూరుకోలేదు. సిరాక్యూస్ 92 – 91తో గెలిచింది.

యిద్దరు మహాకాయులు

తర్వాతి పదేళ్లూ యిద్దరి పేర్లు మోగాయి. వొకరు బోస్టన్ జట్టు బిల్ రసెల్, రెండోవారు విల్ట్ ఛాంబర్లిన్. 1962 మార్చి 2న హెర్షీ అనే వూళ్లో ఛాంబర్లిన్ వొక్క ఆటలో వంద పాయింట్లు చేశాడు. యీనాటికీ మరొకరు ఆ వందను అందుకోలేదు. ఆ సీజనంతటికీ అతని సగటు ఆటకు 50 పైచిలుకు. అయినా ఆ యేడు తుదిపోరుకు పోయింది అతని జట్టు కాదు. యేడు ఆటలు ఆడి బోస్టన్ చేతిలో వోడింది. రసెల్ అన్నేసి పాయింట్లు చేసేవాడు కాదు. అవతలివాడు వేసిన బంతిని ఆపడం, ఆపినదాన్ని తనవాళ్లకు అందించడం అతని విద్య. 1957 నుంచి 1969 దాకా పదమూడు సీజన్లలో బోస్టన్‌కు పదకొండు విజయాలు!

యింతటి రసెల్‌కు వొక కాఫీ హోటలులో పలహారం పెట్టమన్నారు. 1961 అక్టోబరులో బోస్టన్ జట్టు కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌కు ప్రదర్శనపు ఆటకు వెళ్లింది. నల్లవాళ్లకు వడ్డించబోమన్నారు. రసెల్, అతని నీగ్రో సహచరులు — ఆనాటి పత్రికలు వాడిన ఆ మాట యిప్పుడు గౌరవం కాదు, నల్లజాతి సహచరులందాం — ఆట ఆడకుండానే విమానమెక్కి వెళ్లిపోయారు. అవతలి జట్టులోని యిద్దరు నల్లజాతి ఆటగాళ్లూ ఆడలేదు. 1966లో అదే రసెల్ బోస్టన్ జట్టుకు శిక్షకుడయ్యాడు. లీగులో ఆ పదవికి వచ్చిన మొదటి నల్లజాతివాడు అతనే.

ఆట కూడు పెడుతుందా?

మన మధ్యతరగతి యిళ్లలో అసలు ప్రశ్న యిదే. మా మనవడు తొమ్మిదో తరగతి. స్కూలు జట్టులో ఆడుతున్నాడు. సాయంత్రం ఆట, సాయంత్రమే కోచింగు క్లాసు. మా అబ్బాయి వాణ్ని నిలదీసి, “ఆట కూడు పెడుతుందట్రా?” అన్నాడు. వాడు నావైపు చూశాడు.

నిజం చెప్పాలంటే లెక్క మా అబ్బాయి పక్షానే వుంది. ముప్ఫయి జట్లు, జట్టుకు పదిహేనుగురు: మొత్తం 450 చోట్లు, ప్రపంచమంతటికీ కలిపి. పంజాబునుంచి వెళ్లిన సత్నాంసింగ్ 2015లో 52వ పేరుగా డాలస్ జట్టుకు యెంపికయ్యాడు. భారతదేశంలో పుట్టి అలా యెంపికైన మొదటివాడతను. అతనికి కూడా అసలు సీజనులో వొక్క ఆట ఆడే యోగం పట్టలేదు.

ఆడినవాళ్లకైనా కూడు వూరికే రాలేదు. 1964 జనవరి 14న బోస్టన్‌లో మేటి ఆటగాళ్ల ప్రత్యేకప్రదర్శన. హాలు నిండింది, టెలివిజను కెమెరాలు సిద్ధంగా వున్నాయి. ఆటగాళ్లు మాత్రం లోపల గదిలోంచి కదల్లేదు. “మాకు పెన్షను సంగతి తేల్చండి” అన్నారు. యజమానులు బెదిరించారు, వీళ్లు బెదరలేదు. చివరికి మాట యిచ్చాకనే బయటికి వచ్చారు. అంతటి మేటి ఆటగాళ్లు అడిగింది బంగళాలు కాదు, పెన్షను! ఆ ముక్క చదివినప్పుడు రిటైరైన గుమాస్తానైన నాకు వాళ్లు మా ఆఫీసువాళ్లలాగే కనబడ్డారు.

మా యింట్లో చివరికి యిలా తేలింది: వారానికి మూడు సాయంత్రాలు ఆట, మిగతావి పుస్తకం, పదో తరగతి పరీక్షల తర్వాత మళ్లీ మాట్లాడుకుందాం. కోడలు ఆ వొప్పందం క్యాలెండరుమీద రాసిపెట్టింది. వోడిన ఆటనుంచి తలెత్తుకుని యింటికి రావడం వాడు అక్కడే నేర్చుకుంటున్నాడు. ఆ పాఠానికి కోచింగు సెంటరు లేదు.

వోడినవాడికే ముందు పీట

యీ లీగులో నాకు మిక్కిలి నచ్చిన ఆచారం వొకటి వుంది. సీజను ముగిశాక కొత్త ఆటగాళ్లను పంచుకునేటప్పుడు, అడుగున మిగిలిన జట్లకే ముందు యెంచుకునే అవకాశం. యిది దాన ధర్మం కాదు. యెప్పుడూ వొకరే గెలుస్తూంటే మిగతా వూళ్లవారు టిక్కెట్టు కొనరు. కొందరు కావాలనే వోడుతున్నారన్న అనుమానం వచ్చి, 1985నుంచి చీటీలు తీసే పద్ధతి కూడా చేర్చారు. మనుషుల్ని నమ్మాలి, లెక్కా చూసుకోవాలి!

సీజన్లు తెగిన సందర్భాలూ వున్నాయి. జీతాల తగాదాతో 1998–99లో 50 ఆటలే జరిగాయి. 2020 మార్చి 11న కరోనావల్ల ఆట ఆగిపోయింది. జూలై ఆఖర్న ఫ్లోరిడాలో వొకేచోట 22 జట్లను వుంచి, ప్రేక్షకులు లేకుండా ఆడించి, అక్టోబరులో ముగించారు. హాళ్లు నింపడానికి పుట్టిన లీగు ఖాళీ హాల్లో బతికి బయటపడింది.

సిరాక్యూస్ వూరికి మాత్రం జట్టు దక్కలేదు. 1963లో అది ఫిలడెల్ఫియాకు తరలిపోయింది. బియసోన్ 1992లో కాలం చేశారు. 2005లో ఆ వూరివాళ్లు నడివీధిలో వొక గడియారం నిలబెట్టారు. దానిమీద అంకెలు 24 నుంచి సున్నకు దిగుతాయి; మళ్లీ 24 నుంచి మొదలవుతాయి.