చక్కెర జబ్బు, చిగుళ్ళ జబ్బు

తమిళంలో ఈఱు అంటే చిగుళ్ళు. తెలుగులో ఈరు అంటే తలలోని పేను గుడ్డు. అందుకే మా చిన్నమనూరులో మా మేనత్త "ఈరులో నెత్తురు వస్తోంది" అన్నప్పుడు పిల్లలు ఒకటే నవ్వు. అది నవ్వవలసిన సంగతి కాదని మాకు తర్వాత గాని తెలియలేదు.

రెండేళ్ళలో ఆమెకు నాలుగు పళ్ళు కదిలి ఊడిపోయాయి. నొప్పి లేదు. వయసు మీద పడింది కదా అని ఊరుకున్నాము. చివరికి పళ్ళ డాక్టరు చిగుళ్ళు చూచి, "అమ్మా, షుగరు పరీక్ష చేయించుకున్నారా?" అని అడిగారు. పరీక్షలో మధుమేహం బయటపడింది.

పంటికీ చక్కెరకూ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. రక్తంలో చక్కెర ఎక్కువై చాలాకాలం ఉంటే సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాల సత్తువ తగ్గుతుంది. నోట్లో లాలాజలం కూడా తగ్గవచ్చు. అప్పుడు పళ్ళ మొదళ్ళలో పేరుకున్న గారలోని క్రిములకు అడ్డుండదు. చిగురు వాచి, పంటిని పట్టుకున్న ఎముక కరిగిపోతుంది. 1993లోనే హెరాల్డ్ లో అనే దంతవైద్య శాస్త్రజ్ఞుడు దీనిని మధుమేహం వల్ల వచ్చే ఆరవ ఉపద్రవమని పేర్కొన్నారు.

ఇది ఒకవైపు దారి కాదు. చిగుళ్ళ వాపులో పుట్టే పదార్థాలు రక్తంలో కలిసి ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి. మాత్రలు వేసుకుంటున్నా షుగరు దిగకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. అనేక పరిశోధనలను కలిపి 2022లో పరిశీలించగా, చిగుళ్ళకు వైద్యం చేయించుకున్నవారిలో మూడు నాలుగు నెలలకు హెచ్‌బిఎ1సి దాదాపు 0.4 శాతం తగ్గినట్టు తేలింది. అలాగని మాత్రలు మానేయకండి.

మాది తమలపాకు తోటల ఊరు. ఆకును నేనేమీ అనను. దానితో నోట్లోకి పోయే వక్క, పుగాకులతోనే తంటా. పైగా ఆ ఎర్రని ఉమ్మిలో నెత్తురు ఎక్కడ కనిపిస్తుంది? పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు చూచుకోవాలి.

గార తీయిస్తే పళ్ళు కదులుతాయని మనవాళ్ళకొక భయం. గార పోయాక సందులు కనిపిస్తాయి, అంతే. పళ్ళ డాక్టరు దగ్గరకు పోయేనాడు పస్తుండవద్దు, షుగరు మాత్ర మానవద్దు. షుగరు పుస్తకం వెంట తీసుకుపోండి. మా మేనత్త దానిని రేషను కార్డుతోపాటు ఒకే సంచిలో పెట్టుకున్నది.