దేవుని రాజ్యము: స్థలమా, ఏలుబడియా?

నారాయణపేట ప్రాంతములో రాజ్యమనగానే 1948 వరకు సాగిన నిజాం రాజ్యము, దాని పొలిమేరలు పెద్దల మాటల్లో వినిపించేవి. అయితే సువార్తలలోని గ్రీకు పదము 'బసిలేయ' ముఖ్యముగా ఏలుబడిని సూచిస్తుంది. హెబ్రీ 'మల్కూత్' కూడా అంతే. మత్తయి 'పరలోక రాజ్యము' అని వ్రాసినందున మనలో అనేకులము దానిని మరణానంతర స్థలముగానే బోధిస్తున్నాము. కానీ మత్తయి 6:10లో ప్రభువు నేర్పినది ఆ రాజ్యము ఇక్కడికి రావలెనని వేడుకొనుటయే.

మత్తయి 20లో చివరి గంటకు చేరిన కూలివానికీ ఒక దేనారము, అనగా పూర్తి దినపు కూలి దొరికింది. పాలమూరు వలస కూలీలున్న సంఘములో దీనిని కేవలము ఆత్మీయార్థముతో ముగించుట సరికాదని నా అభిప్రాయము. కూలి ఎగ్గొట్టిన మేస్త్రీ మన సంఘ సభ్యుడే అయితే ఏమి ప్రసంగిస్తాము?

అట్లని రాజ్యమును మన సంస్కరణ కార్యక్రమముగా కుదించరాదు. మార్కు 4:26-29లో రైతు నిద్రపోతున్నా విత్తనము మొలుస్తూనే ఉంటుంది.