కేబుల్ బిల్లు: సుగ్గి వలస వెళ్లినా కడుతూనే ఉన్నారా? ప్యాక్ మార్చే ముందు ఇవి చూసుకోండి

అనంతపురం: వేరుశనగ చేతికందని ఏడాది ఇంటి ఖర్చులు లెక్కేసుకుంటే ముందు గుర్తొచ్చేది కేబుల్ బిల్లే. అలాగని టీవీ ఆపేద్దామంటే ఇంట్లో ఒప్పుకోరు. పొద్దున వార్తలు, సాయంత్రం సీరియల్, మధ్యలో క్రికెట్.. ఎవరి పట్టు వాళ్లది. మరి ఆపకుండానే తగ్గించుకునే దారి ఉందా? ఉంది.

అసలు బిల్లులో ఏముంటుందో చూద్దాం. 2019 ఫిబ్రవరి నుంచి ట్రాయ్ తెచ్చిన విధానంలో బిల్లు రెండు ముక్కలు. ఒకటి నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు, అంటే లైన్ ఛార్జీ. రెండోది పే చానళ్ల ధర. రెండింటి మీదా 18 శాతం జీఎస్టీ. లైన్ ఛార్జీ రూ.130 అనుకుంటే, రూ.19 చానళ్లు రెండు తీసుకున్న ఇంటికి పన్నుతో కలిపి రూ.198.24 అవుతుంది. అయితే ఆ రూ.130 పరిమితిని 2024 జూలైలో ట్రాయ్ ఎత్తేసింది. కాబట్టి ఆపరేటర్‌ని 'ప్యాక్ ఎంత?' అని అడిగితే సరిపోదు. 'లైన్‌కి ఎంత, చానళ్లకి ఎంత?' అని విడివిడిగా అడగాలి.

పే చానల్ ఏదైనా విడిగా కావాలంటే ఇవ్వాల్సిందే. రెండు మూడు చానళ్లే చూసే ఇంటికి పెద్ద ప్యాక్ దండగ. ఒకే గ్రూపు చానళ్లు నాలుగైదు చూస్తుంటే మాత్రం బొకేనే చవక.

నెలనెలా కట్టలేం అనుకుంటే డీడీ ఫ్రీ డిష్ ఉంది. డిష్, బాక్స్ ఖర్చు ఒక్కసారే. కానీ తెలుగు పే చానళ్లు రావు, సీరియల్ అభిమానులకు కష్టమే. 2017 డిసెంబర్‌లో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ టీవీ, ఇంటర్నెట్, ఫోన్ కలిపి రూ.149కే ఇచ్చింది. ఇప్పటి రేటు కనుక్కుని పోల్చుకోండి.

ఓటీటీ చవకేగా అంటారా? డేటా లెక్క మర్చిపోతున్నారు. హెచ్‌డీలో గంట చూస్తే ఒక జీబీ పైనే ఖర్చవుతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్‌తో సినిమా పూర్తవదు. దూరదర్శన్ చానళ్లే చాలనుకుంటే ప్రసార భారతి 'వేవ్స్' యాప్ ఉచితం.

ఇక కళ్యాణదుర్గం, ఉరవకొండ వైపు నుంచి బెంగళూరుకు పనికి వెళ్లేవాళ్ల సంగతి. ఇంటికి తాళం వేసినా బిల్లు నడుస్తూనే ఉంటుంది. 2017 ట్రాయ్ నిబంధనల ప్రకారం నెల లేదా నెలల లెక్కన కనెక్షన్ తాత్కాలికంగా ఆపమని అడగొచ్చు. 15 రోజుల ముందే చెప్పాలి. నోటిమాటగా వద్దు, కస్టమర్ కేర్‌లో నమోదు చేయించి నంబర్ రాసుకోండి. తిరిగొచ్చాక మళ్లీ ఆన్ చేయడానికి ఎంత తీసుకుంటారో కూడా అప్పుడే అడిగేయండి.