ఒక కార్డు భయపెడితే.. పక్కది కూడా చూడండి!

ఫిల్మ్‌నగర్‌లో ఎడిటింగ్ రూమ్ చూసినవాళ్లకి టారో జంట కార్డులు ఇట్టే అర్థమవుతాయి. హీరో మొహం క్లోజప్ తీసుకోండి. తర్వాత షాట్‌లో బిర్యానీ ప్లేట్ ఉంటే ఆకలి, పాడె ఉంటే దుఃఖం. మొహం మాత్రం అదే! రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ వందేళ్ల కిందటే ఇలాంటి ప్రయోగం చేశాడు.

టారోలో మొత్తం 78 కార్డులు. బాగా పాపులరైన సెట్‌కి 1909లో పమేలా కోల్మన్ స్మిత్ బొమ్మలు గీసింది. అందులో 'డెత్' వస్తే చాలామందికి గుండె జారిపోతుంది. నిజానికి రీడర్లు దాన్ని చావు అని చదవరు, ఏదో ఒకటి ముగిసిపోవడం అంటారు. ఏది ముగుస్తుందో పక్క కార్డుని బట్టి చూస్తారు.

నేనూ ఫ్రెండ్స్‌కి కార్డులు వేస్తుంటాను. మొన్న కృష్ణానగర్ ఫ్రెండ్ అడిగాడు, "మూడేళ్లుగా ఆడిషన్లే. ఇంటికెళ్లిపోనా?" అని. 'డెత్' వచ్చింది, పక్కనే 'ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్'. ఒక్కో నాణేన్ని ఓపిగ్గా చెక్కుతున్న పనివాడి బొమ్మ అది. "ఆఫీసుల చుట్టూ తిరగడం ఆపి, యాక్టింగ్ నేర్చుకోమంటోంది" అన్నాను. వాడు కాసేపు చూసి, "నాకైతే మా నాన్న టైలర్ షాపు కనిపిస్తోంది" అన్నాడు.

బొమ్మలు అవే. అర్థం ఎవరికి వాళ్లం కలుపుకున్నాం. నిర్ణయం మాత్రం వాడిదే.

అందుకే జూబ్లీహిల్స్‌లో కూర్చున్నా, ఫోన్‌లో చూపించుకున్నా, జంట చూడగానే మీకేం తోచిందో ముందు మీరే చెప్పండి. రెండో కార్డు చూపించి, భయపెట్టి, పరిహారానికి డబ్బులడిగితే? లేచి వచ్చేయండి!