ఎనిమిదిలో ఒకరికి వచ్చే పిలుపు

అమెరికాలో ఇంజినీరింగ్ చదువుతున్న అబ్బాయికో అమ్మాయికో ఒకరోజు ‘టావ్ బీటా పై’ అనే సంఘం నుంచి ఆహ్వానం వస్తుంది. చేరాలంటే ఫీజు కట్టాలని కూడా అందులో ఉంటుంది. ఇక్కడ ఇంట్లోవాళ్లకు వెంటనే వచ్చే అనుమానం: ఇది గౌరవమా, డబ్బులు గుంజే వ్యవహారమా?

గౌరవమే. ఇది ఆనర్ సొసైటీ, అంటే చదువులో ముందున్నవాళ్లను పిలిచి చేర్చుకునే సంఘం. ఫీజు చేరేటప్పుడు ఒక్కసారే. సభ్యత్వం జీవితాంతం ఉంటుంది.

అసలిది ఎలా పుట్టింది? ఇలాంటి సంఘాల్లో అన్నిటికన్నా పాతది ఫై బీటా కప్పా. 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో మొదలైంది. అయితే అది సాహిత్యం, శాస్త్రాలు చదివేవాళ్లది. ఇంజినీర్లకు అందులో చోటు లేదు. పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ విలియమ్స్ స్వయంగా ఫై బీటా కప్పా సభ్యుడు. తన విద్యార్థులకూ అలాంటి గుర్తింపు ఉండాలని 1885లో టావ్ బీటా పై పెట్టాడు.

ఎవరిని పిలుస్తారు? మూడో ఏడాదివాళ్లలో పైనున్న ఎనిమిదో వంతును, నాలుగో ఏడాదివాళ్లలో పైనున్న ఐదో వంతును. 40 మంది ఉన్న క్లాసు అనుకోండి: మూడో ఏడాదిలో 5 మంది, నాలుగో ఏడాదికి 8 మంది. ర్యాంకు వస్తే చేరిపోయినట్టేనా? కాదు. ఇది గుమ్మం దాకా తీసుకొచ్చే లెక్క మాత్రమే. ఆపైన నడవడిక చూసి, ఆ యూనివర్సిటీలోని సంఘం శాఖ సభ్యులు ఓటు వేస్తారు.

మరి ఆడపిల్లల సంగతి? ఇక్కడ ఈ సంఘం చరిత్ర గొప్పగా చెప్పుకునేది కాదు. వాళ్లకు పూర్తి సభ్యత్వం 1969లో గానీ రాలేదు. అంటే 84 ఏళ్లు. మార్కులు ఎన్ని వచ్చినా అప్పటిదాకా మహిళలకు దక్కింది విడిగా ఒక బ్యాడ్జి, అంతే.

సంఘం గుర్తును ‘బెంట్’ అంటారు. పాతకాలపు రైలు వంతెనల కింద బరువు మోసే చట్రం పేరది. చాలాచోట్ల కొత్తగా చేరేవాళ్ల చేతికి గరుకుగా పోతపోసిన లోహపు బెంట్ ఇస్తారు. దాన్ని ఆకురాయితో రాకి, గరుకు కాగితంతో రుద్ది, మెరిసేదాకా తోమాలి. గంటలకొద్దీ పని, వేళ్లు నల్లబడతాయి. కాగితం మీద మార్కులు తెచ్చుకున్నవాళ్లకు ఈ చాకిరీ పెట్టడం నాకైతే నచ్చింది.

చేరాక చేసేదేమిటి? సేవ. జూనియర్లకు పాఠాలు చెప్పడం, బడిపిల్లలతో లెక్కలు, సైన్సు ప్రయోగాలు చేయించడం. బడిపిల్లల కోసం ‘మైండ్‌సెట్’ పేరుతో ప్రత్యేక కార్యక్రమమే ఉంది. ఏ ఊళ్లో ఏం చేయాలో అక్కడి శాఖే చూసుకుంటుంది.

వచ్చిన ఆహ్వానం అసలుదో కాదో తేల్చుకోవడమూ తేలికే. శాఖలకు రాష్ట్రం పేరు, పక్కన ఒక గ్రీకు అక్షరం ఉంటాయి. లీహైది పెన్సిల్వేనియా ఆల్ఫా. మీవాళ్ల యూనివర్సిటీలో అలాంటి శాఖ ఉందో లేదో ఇంజినీరింగ్ డీన్ ఆఫీసులో అడిగితే చెబుతారు.

మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది ఎంఎస్‌కి కదా, వాళ్లకు అర్హత ఉందా? ఉంది. కోర్సు కనీసం సగం పూర్తవ్వాలి. క్లాసులో పై ఐదో వంతులో ఉండాలి, లేదా పని నాణ్యమైనదని ఒక ప్రొఫెసర్ ధ్రువీకరించాలి. కాబట్టి మొదటి సెమిస్టర్‌లో పిలుపు రాలేదని కంగారు పడక్కర్లేదు. అప్పటికి సగం చదువు అయి ఉండదు.