సర్ఫ్‌బోర్డు ఎపాక్సీ పూతలో లోపాలు, మరమ్మతులు

ఇంట్లో సర్ఫ్‌బోర్డు తయారుచేసుకునేవాళ్లు ఎపాక్సీ వైపు మొగ్గడానికి కారణం లోపలి దిమ్మె. 2005 డిసెంబరులో కాలిఫోర్నియాలోని క్లార్క్ ఫోమ్ కంపెనీ మూతపడేదాకా అమెరికాలో అది తయారుచేసే పాలీయురేథేన్ దిమ్మెలదే రాజ్యం. ఆ తర్వాత పాలీస్టైరీన్‌కు, అంటే మనం థర్మోకోల్ అనే సరుకుకు, గిరాకీ పెరిగింది. పాత పద్ధతిలో వాడే పాలిస్టర్ రెజిన్‌లోని స్టైరీన్ తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది. ఎపాక్సీతో ఆ భయం లేదు.

కానీ ఎపాక్సీకి పట్టింపులెక్కువ. రెజిన్, హార్డెనర్ రెండూ కలిసి ఒకే పదార్థం కావాలి కాబట్టి డబ్బా మీది పాళ్లు తప్పకూడదు. త్వరగా ఆరుతుందని హార్డెనర్ దండిగా పోసినా, కప్పు అంచులు, అడుగు గీరకుండా పైపైన కలిపినా, అక్కడక్కడా జిగట మచ్చలు మిగులుతాయి. అవి ఎన్నాళ్లున్నా ఆరవు. పైన మరో పూత వేసి కప్పెయ్యడం శుద్ధ దండగ. గట్టి పొర తగిలేదాకా గీకి, ఆల్కహాల్‌తో తుడిచి, మళ్లీ పూయాలి. అసిటోన్ వద్దు, ఎక్కడైనా సందు దొరికి లోపలికి దిగితే దిమ్మెనే తినేస్తుంది.

జిడ్డుగా తగిలేదంతా పచ్చిదనం కాదు. తేమ గాలిలో హార్డెనర్‌లోని అమైన్లు నీటి ఆవిరితో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పైన మైనంలాంటి పొర కడతాయి. దాన్ని ముందు మంచినీళ్లతో, గరుకు పీచుతో కడగాలి. కడక్కుండా ఉప్పు కాగితం పడితే ఆ జిడ్డు అంతటా పులుముకుంటుంది.

ఎక్కువగా విసిగించేవి గాలి బుడగలు. థర్మోకోల్ పూసల మధ్య గాలి ఉంటుంది. గది వేడెక్కేకొద్దీ అది వ్యాకోచించి, తడి రెజిన్‌లోంచి బయటికి తన్నుకొస్తుంది. అందుకే పొద్దున కాకుండా, వేడి తగ్గే సాయంత్రం పూట దిమ్మె మీద ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరిచి రెజిన్ పట్టించడం మేలు. ఫైబర్‌గ్లాస్ గుడ్డ కింద బుడగ నిలిచిపోతే ఆ చోట తెల్లగా కనిపిస్తుంది, గోటితో తడితే బోలు శబ్దం వస్తుంది. బ్లేడుతో ఆ మేరకు గుడ్డ కోసి తీసి, చుట్టూ 80 నంబరు ఉప్పు కాగితంతో అంచులు పల్చబడేలా రుద్దాలి. గుంతను సన్నని గాజు బుడగల పొడి కలిపిన రెజిన్‌తో నింపి, కోతకంటే కాస్త పెద్ద గుడ్డ ముక్క అతికించాలి. కొత్త ముక్క అంచు పాత పొర మీదికి ఎక్కకపోతే అతుకు అక్కడే పగులుతుంది.

పూత మీద గుండ్రటి గుంతలు పడితే చేతి జిడ్డో, మైనమో, సిలికోనో తగిలిందని అర్థం. ఆరాక రుద్ది, ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ పూస్తే సరిపోతుంది. సూదిబెజ్జాలను మాత్రం చిన్నవే కదా అని వదలకూడదు, వాటిలోంచి నీళ్లు పూసల సందుల్లోకి దిగి బోర్డు బరువెక్కుతుంది. రుద్దుతుంటే గుడ్డ నేత బయటపడ్డ చోట ఆగి, పైన మరో పలచటి పూత వెయ్యాలి. నేత తెగేదాకా పోతే కొత్త ముక్క తప్పదు.

ఈ పనంతా చేతికి నైట్రైల్ తొడుగులు, రుద్దేటప్పుడు ముఖానికి దుమ్ము మాస్కు లేకుండా చెయ్యకూడదు. ఎపాక్సీ ఒకసారి ఒంటికి పడకుండా పోతే ఆ అలర్జీ జీవితాంతం ఉండిపోవచ్చు. మరమ్మతు చేసిన చోటు మర్నాటికే గట్టిగా అనిపించినా, పూర్తి బలం రావడానికి వారం దాకా పడుతుంది. అప్పటిదాకా బోర్డును నీళ్లలో దించవద్దు.